స్టార్టరు మార్చినా ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది!

ప్రశ్న: మా హాల్లో నాలుగడుగుల ట్యూబ్‌లైటు స్విచ్ వేశాక చాలాసేపు టకటకా కొట్టుకుని గానీ వెలగదు. రాత్రి ఏడు దాటితే మరీ ఎక్కువ. స్టార్టరు రెండుసార్లు మార్చాం, వారానికే మళ్లీ మామూలే. ఇక చోకు మార్చాలా?

జవాబు: చోకు జోలికి ఇప్పుడే వెళ్లకండి. రాగి చుట్టల చోకు అంత తేలిగ్గా పోదు. ముందు ట్యూబు చివరలు చూడండి. రెండంగుళాల మేర నల్లబడి ఉంటే, లోపలి ఫిలమెంట్ల మీది పూత అరిగిపోయినట్టే. అలాంటి ట్యూబే మీ స్టార్టర్లను తినేస్తోంది. స్టార్టరులోని చిన్న లోహపు పట్టీ వేడెక్కి అతుక్కుంటుంది, చల్లారి విడిపోతుంది. విడిపోయిన క్షణంలో చోకు కొన్ని వందల వోల్టుల దెబ్బ కొట్టి ట్యూబును వెలిగిస్తుంది. వెలిగితే దాని పని అక్కడితో సరి. వెలగకపోతే మళ్లీ మొదలు. ఇలా రోజూ పదుల సార్లు కొట్టుకుంటే కొత్త స్టార్టరైనా ఎన్నాళ్లుంటుంది?

పక్కగదిలో బాగా వెలిగే ట్యూబు తెచ్చి ఇక్కడ పెట్టి చూడండి. స్విచ్ ఒక్కటీ ఆపితే చాలదు, మెయిన్ కూడా ఆపాలి. కొన్ని ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద వేసి ఉంటుంది, ఆపినా హోల్డర్లో ఫేజు (కరెంటు వచ్చే తీగ) అలాగే ఉంటుంది. ట్యూబును పావు వంతు తిప్పి లాగండి. పిన్నులకు చిలుము పడితే శాండ్ పేపరుతో రుద్దండి, హోల్డరు వదులైతే మార్చండి. మధ్యలో వెలగకుండా చివరలు మాత్రమే ఎర్రగా మండుతుంటే అది స్టార్టరు తప్పే.

రాత్రిపూట ఎక్కువంటున్నారు కాబట్టి వోల్టేజీ కూడా చూపించండి. 230 ఉండాల్సింది 180కి దిగితే పాత ట్యూబు మొరాయిస్తుంది.

మా మాట అడిగితే, ఎల్ఈడీ ట్యూబుకు మారిపోండి. పాతది చోకుతో కలిపి 50 వాట్లు లాగుతుంది, ఇది 20తో సరిపెట్టుకుంటుంది. చోకు, స్టార్టరు కనెక్షన్లు తీసేసి కరెంటు నేరుగా ఇవ్వాలి. ఒక చివరకే ఇవ్వాలో, రెండు చివరలకో ట్యూబు మీద బొమ్మ ఉంటుంది. అది చూడకుండా కలిపితే షార్టవుతుంది.

ప్రశ్న: మిక్సీ వేయగానే ఇంట్లో కొన్ని లైట్లు మందగిస్తాయి, కొన్ని ఎక్కువ వెలుగుతాయి. బల్బుల లోపమా?

జవాబు: కాదు. మీది త్రీఫేజు సర్వీసైతే (మూడు ఫేజు తీగలు వచ్చే కనెక్షనైతే) న్యూట్రల్ ఎక్కడో వదులైంది. అది పూర్తిగా ఊడితే కొన్ని లైన్లలో 300 వోల్టులు దాటి టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. ఇప్పుడే మెయిన్ ఆపి లైన్‌మన్‌ను పిలవండి.