జాతకంలో గెలాక్టిక్ సెంటర్ అంటే ఏమిటి?

మీ చార్టులో ధనుస్సు 27 డిగ్రీల దగ్గర కనిపించే గెలాక్టిక్ సెంటర్ గ్రహం కాదు. అది మన పాలపుంత కేంద్రం, సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 27 డిగ్రీలన్నది పాశ్చాత్య సాయన లెక్క, అంటే వసంత విషువత్తు నుంచి రాశులను లెక్కపెట్టే పద్ధతి. నక్షత్రాలను బట్టి లెక్కపెట్టే మన నిరయన పద్ధతిలో లాహిరి అయనాంశ (ఈ రెండు లెక్కల మధ్య సుమారు 24 డిగ్రీల తేడా) తీసేస్తే ధనుస్సు 3 డిగ్రీల దగ్గర, మూల నక్షత్రంలో పడుతుంది. మూల అంటే వేరు, మూలం! నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే విషయమిది.

సాయన లెక్కలో ఈ బిందువు ఒక డిగ్రీ కదలడానికి దాదాపు 72 ఏళ్లు పడుతుంది. ఒక తరం వాళ్లందరికీ ఇంచుమించు అక్కడే ఉంటుంది కాబట్టి రాశిని బట్టి ఫలితం చెప్పడం కుదరదు. ఒకటి రెండు డిగ్రీల లోపు రవి, చంద్రుడు, లగ్నం లాంటివి కలిస్తేనే చూస్తారు. డిసెంబర్ 18, 19 ప్రాంతంలో పుట్టినవాళ్లకు రవి అక్కడే ఉంటాడు. తనకంటే పెద్దదేదో లాగుతున్నట్టుండే తపన, ఆధ్యాత్మిక జిజ్ఞాస దీని ఫలితాలని పాశ్చాత్య జ్యోతిష్కులు చెబుతారు. దోషమేమో అని టెన్షన్ పడకండి.