నేమ్‌సర్వర్లు మార్చాక మెయిల్ ఆగింది

ప్రశ్న: మాది పెందుర్తి. అరకు కాఫీ గింజలు తెచ్చి, వేయించి, పొడి కొట్టి అమ్ముతాం. మా డాట్ కామ్ వెబ్‌సైటుకు ఆరేళ్లు. కొత్త హోస్టింగ్ వారు చెబితే బుధవారం నేమ్‌సర్వర్లు మార్చాను. గురువారం నాలుగైదు మెయిళ్లు వచ్చాయి, శుక్రవారం నుంచి ఒక్కటీ లేదు. ఆర్డర్ల కోసం ‘ఆర్డర్స్’ అనే సబ్‌డొమైన్ (సైటు పేరుకు ముందు చుక్కతో చేరే పేరు) కూడా పెట్టాను. డొమైన్ (సైటు పేరు) కొన్న చోటే దాని రికార్డు రాసి నాలుగుసార్లు సరిచూశాను. అయినా తెరుచుకోవడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మెయిల్ ఆగితే వ్యాపారం ఆగినట్టే కనుక, మీ ఉత్తరం అందిన రోజే ఫోనులో మీకు చేయవలసింది చెప్పాను. ఇదే చిక్కులో మరికొందరు ఉన్నారు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

‘గురువారం నాలుగైదు వచ్చాయి’ అని మీరు రాసిన ముక్కలోనే జరిగిందంతా ఉంది. ప్రతి డొమైన్‌కూ ఒక పద్దు పుస్తకం ఉంటుంది. ఏ పేరు అడిగితే ఏ చిరునామా చెప్పాలి, మెయిల్ ఎవరికి చేర్చాలి అన్నవన్నీ అందులోని రికార్డులు. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉందో లోకానికి చెప్పేవి నేమ్‌సర్వర్లు. బుధవారం మీరు మార్చింది పుస్తకాన్నే. పాత పుస్తకంలోని పద్దులు వాటంతట అవి కొత్త దాంట్లోకి ఎక్కవు. హోస్టింగ్ వారు వెబ్‌సైటు చిరునామా చెప్పే ‘ఏ’ (A) రికార్డు మాత్రం రాసుకున్నారు, అందుకే సైటు బాగానే కనిపించింది. మెయిల్ చేర్చే ఎంఎక్స్ రికార్డులు మాత్రం పాత పుస్తకంలోనే ఉండిపోయాయి. డాట్ కామ్ పేర్ల నేమ్‌సర్వర్ల సమాచారాన్ని ఇంటర్నెట్ సంస్థలు 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు, గుర్తుంచుకోవచ్చు. గురువారం మెయిల్ పంపగలిగినవారికి ఇంకా పాత పుస్తకమే గుర్తుంది. శుక్రవారానికి ఆ గడువు తీరిపోయింది.

ఎంఎక్స్ రికార్డు లేనప్పుడు పంపేవారి సర్వర్ ఊరుకోదు. ‘ఏ’ రికార్డు చూపిన చిరునామాకే మెయిల్ తీసుకువెళుతుంది. అక్కడ మీ పేరున మెయిల్ పెట్టె లేకపోతే తిప్పి పంపుతారు. అందుకే బుధవారం తర్వాత ఎవరైనా రాశారేమో మీ పాత ఖాతాదారులను మీరే అడగండి.

మీ సబ్‌డొమైన్ తెరుచుకోకపోవడానికీ కారణం అదే. ఎవరూ చదవని పుస్తకంలో మీరు నాలుగుసార్లు సరిచూశారు. డొమైన్ కొన్న చోటి పేజీలో పాత రికార్డులు చాలాసార్లు అలాగే కనిపిస్తూ ఉంటాయి. అవే పనిచేస్తున్నాయని ఎవరైనా అనుకుంటారు. ఇప్పుడు అవి ఉపయోగపడేది చూసి రాసుకోవడానికే. ఎంఎక్స్ రికార్డులను పక్కనున్న ప్రాధాన్య సంఖ్యలతో సహా, మెయిల్ నిజంగా మీదేనని చాటే టీఎక్స్‌టీ రికార్డులను ఒక్క అక్షరం పోకుండా హోస్టింగ్ వారి పేజీలోకి ఎక్కించండి. టీఎక్స్‌టీ వదిలేస్తే మీరు పంపే మెయిళ్లు అవతలివారి స్పామ్‌లో పడవచ్చు.

ఆ తర్వాత సబ్‌డొమైన్. ఆర్డర్లు తీసుకునే మీ దుకాణం పేజీ వేరే సంస్థ సర్వర్‌లో ఉంది కనుక, ఒక పేరును మరో పేరుకు చూపే సీనేమ్ రికార్డు చాలు. పేరు గడిలో ‘ఆర్డర్స్’ అన్న ఒక్క మాటే రాయండి. చాలా పేజీలు మీ డొమైన్‌ను వెనక తామే చేరుస్తాయి. పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు వచ్చి రికార్డు పనికిరాకుండా పోతుంది. ఇంకొకటి, సీనేమ్ ఉన్న పేరు మీద వేరే రికార్డు ఉండకూడదు. అసలు డొమైన్ మీద ఎంఎక్స్ వంటివి తప్పవు కాబట్టి అక్కడ సీనేమ్ పెట్టవద్దు.

గడువు గురించి మాత్రం కొంచెం చెప్పాలి. ప్రతి రికార్డుకూ టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. జవాబును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో అది చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద విరుచుకుపడినప్పుడు, ద్వారకానగర్‌లోని ఒక రోగనిర్ధారణ కేంద్రం సర్వర్ నా బాధ్యతలో ఉండేది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. బ్యాకప్ డిస్కు చొక్కా లోపల పెట్టుకుని బస్సులో రాజమండ్రి వెళ్లి, స్నేహితుడి ఇంట్లో కూర్చుని సైటును హైదరాబాదులోని సర్వర్‌కు ఎక్కించాను. మధ్యాహ్నానికి ‘ఏ’ రికార్డు మార్చాను. నా కంప్యూటర్‌లో తెరుచుకుంది. తల్లి రక్తపరీక్ష రిపోర్టు కోసం హైదరాబాదులో ఎదురుచూస్తున్న అమ్మాయికి మాత్రం తెరుచుకోలేదు. టీటీఎల్ 86,400 అని పెట్టింది నేనే. పొద్దున ఆమె ప్రయత్నించినప్పుడు ఆమె ఇంటర్నెట్ సంస్థ మా పాత చిరునామాను ఒక రోజుకు గుర్తు పెట్టుకుంది. రిపోర్టులోని అంకెలు ఒక్కొక్కటీ ఫోనులో చదివి వినిపించాను. అప్పటి నుంచి ఏ మార్పుకైనా ముందురోజే టీటీఎల్‌ను 300కు తగ్గిస్తాను, పని కుదిరాక తిరిగి 3,600 చేస్తాను. మీరూ అలాగే చేయండి.

ప్రశ్న: కొత్త సబ్‌డొమైన్‌కు మళ్లీ డబ్బు కట్టాలా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: డొమైన్ మీదైతే సబ్‌డొమైన్ల కోసం డొమైన్ అమ్మినవారికి విడిగా కట్టనక్కరలేదు. చుక్కకూ చుక్కకూ మధ్య పేరు 63 అక్షరాలు దాటకూడదు, అంతే. భద్రతా సర్టిఫికెట్ ఆ పేరుకు కూడా ఉండాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వారు ఉచితంగానే ఇస్తారు. పండగ అమ్మకాల కోసం ఏదైనా బయటి సేవకు సీనేమ్ పెట్టి ఉంటే, పని అయిపోయాక ముందు ఆ రికార్డు తొలగించండి, తర్వాతే అక్కడి ఖాతా మూయండి. వరుస తప్పితే, మీరు వదిలేసిన చోటును ఇంకొకరు తీసుకుని మీ పేరు మీదే పేజీ నడిపే ప్రమాదం ఉంది.