నవలకు పలుకుబడి ఉంటుందా?

సందేహం: అయ్యా, ఈ మధ్య తెలంగాణ పల్లె జీవితం మీద వచ్చిన ఒక నవల చదివాను. చాలా నచ్చింది. మిత్రులకు ఉత్తరం రాస్తూ "ఈ నవల పలుకుబడి నన్ను కట్టిపడేసింది" అన్నాను. ఒకాయన "నవలకు పలుకుబడేమిటండీ, అది నాయకులకు ఉండేది, యాస అనండి" అన్నారు. ఇంకొకరు మాండలికం అనాలన్నారు, మరొకరు స్లాంగ్ అన్నారు. అదే ఉత్తరంలో ఒక జానపద గాయని పాట గురించి కూడా పలుకుబడి అనే రాశాను. తప్పు రాశానా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు తప్పు రాయలేదు. పలుకుబడి అనగానే సిఫారసు ఉత్తరాలే గుర్తొచ్చే కాలంలో ఆ మాటను దాని పుట్టింటి అర్థంలో వాడారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు పలుకు సంగతి చూద్దాం. మాట్లాడటం వేరు, పలకడం వేరు. మాట్లాడటానికి మనిషి కావాలి, పలకడానికి అక్కర్లేదు. మీటితే వీణ పలుకుతుంది, ఊదితే సన్నాయి పలుకుతుంది. జలుబు చేస్తే గొంతు పలకదు. వేలంలో సరుకు ధర పలుకుతుంది. మొక్కిన దేవుడు పలుకుతాడంటారు. పిలిస్తే పలకనివాడి మీద మనకు కోపమొస్తుంది. మన పిలుపు తగిలినా వాడిలో చలనం లేదనే ఆ కోపం. వీటన్నిటిలో ఉన్నది ఒకటే: తాకితే లోపలి నుంచి వచ్చే జవాబు. "వీణ మాట్లాడింది" అంటే కవిత్వం. "వీణ పలికింది" అంటే ఇంట్లో అనుకునే మామూలు తెలుగు. అందుకే ఈ మాట భాషకూ సంగీతానికీ ఉమ్మడి సొత్తు.

దీని లోతు తెలిసినవాడు పోతన.

పలికెడిది భాగవతమట,
పలికించెడివాడు రామభద్రుండట, నే
పలికిన భవహరమగునట,
పలికెద, వేరొండు గాథ పలుకగనేలా!

చిన్నప్పుడే నోటికొచ్చేసిన పద్యం కావడంతో ఆగి చూడం. నాలుగు పాదాల కందంలో ఈ క్రియ ఐదుసార్లు వచ్చింది. ప్రాస కోసమే అలా వేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రాసస్థానంలో 'ల' కావాలంటే కలిగిన, తెలిసిన, తలచిన, నిలిచిన అని లఘువుతో మొదలయ్యే మాటలు తెలుగులో బోలెడు. వాటన్నిటినీ పక్కనపెట్టి, ప్రతి పాదాన్నీ పలుకుతోనే ఎత్తుకున్నాడు. ఇంత పెద్ద గ్రంథానికి పూనుకుంటూ రాస్తాననలేదు, చెబుతాననీ అనలేదు. రెండో పాదంలోని 'పలికించెడివాడు' దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వయొలిన్ విద్వాంసుడు రాగాన్ని పలికించాడు అంటామే, ఆ పలికించడమే ఇది. పలికించేవాడు రాముడైతే కవి వాయిద్యం. తనను మీటుతున్న చెయ్యి వేరొకరిదని ఇంత సులువుగా, ఒక్క ప్రేరణార్థక క్రియతో చెప్పాడు. ఈ పద్యం ఎన్ని వందలసార్లు చదువుకున్నానో, అక్కడికి వచ్చేసరికి ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

పలుకుకు తక్కిన అర్థాలు మీకు తెలిసినవే: అన్నం పలుకుగా ఉందంటాం, కర్పూరపు పలుకు, వేరుశనగ పలుకులు అంటాం.

ఇక 'బడి'. రాబడి, దిగుబడి, పెట్టుబడి, చెల్లుబడి, వీటి వరసలోదే పలుకుబడి. పలుకు సాగే తీరు, అది పడే ఒడుపు. మనిషి మాట నలుగురిలో చెల్లితే దాన్నీ పలుకుబడి అన్నారు, అర్థం అటు జరిగిందని నా ఊహ. రెంటినీ విడదీసే చిన్న గుర్తు ఒకటుంది. నాయకుడి పలుకుబడికి బహువచనం రాదు. భాషకైతే పలుకుబళ్లు ఎన్నైనా ఉంటాయి.

మీ మిత్రులు చెప్పిన మాటలు చూద్దాం. యాస చెవికి సంబంధించింది: సాగదీత, విరుపు, ఎత్తుపల్లాలు. కాగితం మీదికి అది కొంతే వస్తుంది. మాండలికం మండలం నుంచి వచ్చిన శాస్త్ర పదం. సంస్కృతంలో మాండలికుడంటే మండలాన్ని ఏలే రాజు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల మాటలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెచ్చారు. తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించి చూపించారు. అలాంటి పరిశీలనకు అది సరైన మాటే. స్లాంగ్ మాత్రం వద్దమ్మా. ఒక ప్రాంతం ప్రజలంతా పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషను స్లాంగ్ అనడం అన్యాయం. ఆకతాయి మాటలకు పెట్టిన పేరది. ఈమధ్య టీవీలోనూ పుస్తక సమీక్షల్లోనూ ఇది మరీ ఎక్కువైంది.

ఒకరు పోయాడు అంటారు, ఒకరు పోయిండు, ఒకరు పోయినాడు, ఉత్తరాంధ్రలో ఎల్లిపోనాడు అంటారు. కొందరు రచయితలు ఈ చివరలు మార్చి, మాండలికంలో రాశామనుకుంటారు. "నా ఆరోగ్యం బాగా లేదు"ను "నా ఆరోగ్యం మంచిగ లేదు" అని మారిస్తే చొక్కా మార్చినట్టే. తెలంగాణ పల్లె మనిషి "పాణం మంచిగ లేదు" అంటుంది. ఒంటికి సుస్తీ చేస్తే ప్రాణాన్నే తలుచుకునే ఆ తీరు పలుకుబడి. నాది కాని మాండలికంలో రాసిన నవల మొదటిసారి పట్టుకున్నప్పుడు పది పేజీలు తడబడ్డాను. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టాను. నా నోరు తిరగకపోయినా వాక్యాలు తమంతట తాము పలికాయి. యాస నాకు పట్టుబడలేదు, పలుకుబడి మాత్రం పట్టుబడింది.

పాటకూ అంతే. జానపదంలో 'పాణం' అని ఉన్నచోట చదువుకున్న గాయకులు 'ప్రాణం' అని దిద్ది పాడుతున్నారు. అలా దిద్దితే అక్షరం శుద్ధి కావచ్చు, పాట మాత్రం ఆ మనిషిది కాకుండా పోతుంది. చాలాసార్లు విని బాధపడ్డాను.

కాబట్టి మీ వాక్యం ఉంచండి. అనుమానపడేవాళ్లు ఉంటే "ఈ నవలలోని పలుకుబడి" అనండి, ఆ 'లోని'తో నాయకుడి గొడవ తప్పుతుంది. గాయని విషయంలో మీకు నచ్చింది ఆమె గొంతులోని సాగు, విరుపు అయితే యాస అన్నా బాగానే ఉంటుంది, అది విన్న మీరే తేల్చాలి. "యాసలో రాసిన నవల" అని నేను రాయను. కానీ జనం వాడుతున్నారు, అర్థమూ అవుతోంది. తప్పని కొట్టెయ్యలేను.

మీ ఉత్తరం చివర్లో "ఆమె ఉచ్ఛారణ" అని ఉంది. అది ఉచ్చారణ. ఒత్తి పలికే 'ఛ' వద్దు.