బ్రాకెట్లు నువ్వు తీయకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

అమ్మలూ,

జూన్‌లో బాన్ వాతావరణ చర్చల్లో ఒక గ్రూపుకి నిన్ను కో-ఫెసిలిటేటర్‌గా, అంటే చర్చ నడిపే ఇద్దరిలో ఒకరిగా, వేశారట. మీ పెద్దమ్మ రైతుబజారు దాకా చాటేసింది. నాకు మాత్రం అప్పటినుంచీ గుబులుగానే ఉంది.

నీ పక్కన కూర్చునేది ధనిక దేశం మనిషి. మొదటిరోజే పని పంచుకోండి: ఒకరు మాట్లాడించాలి, ఒకరు రాసుకోవాలి. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ నువ్వు ఇండియా తరఫు కాదు. జీ-77 అనే వర్ధమాన దేశాల కూటమి, యూరోపియన్ యూనియన్, చిన్న ద్వీపదేశాలు, అందరినీ విడివిడిగా కలువు. "ఏం కావాలి" అంటే ఉపన్యాసం దంచుతారు. "ఏది లేకపోతే ఒప్పుకోరు" అని అడుగు.

ఇక నా అసలు భయం. చిన్నప్పుడు పక్కపిల్లల వ్యాసాలు కూడా నువ్వే రాసిపెట్టేదానివి. ఆ జబ్బు అక్కడ పనికిరాదు. అధ్యక్షులకున్న అసలు బలం నిర్ణయమైపోయిందని బల్ల మీద కొట్టే సుత్తిలో లేదు, ముసాయిదాలో ఉంది. బల్ల మీద ఏ కాగితం పడితే బేరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అందుకే అది ఎవరు రాశారు, ఎవరికి ముందు చూపించారు అని అంత అనుమానం.

కోపెన్‌హేగన్ వాతావరణ సభ 2009 డిసెంబర్ 7న మొదలైంది. ఆతిథ్యమిచ్చిన డెన్మార్క్ కొద్ది దేశాలకే చూపించిన ముసాయిదా మర్నాడే గార్డియన్ పత్రికలో బయటపడింది. అందులో ఏముందన్న గొడవ ఒక ఎత్తు, 'మాకు తెలియకుండా ఎలా రాశారు' అని మిగతా దేశాలు పడ్డ కోపం మరో ఎత్తు. 16న సభ అధ్యక్షురాలు కోనీ హెడెగార్డ్ కుర్చీ దిగి డెన్మార్క్ ప్రధాని రాస్ముసెన్‌కి అప్పగించింది. ఆయనకేమో ఐక్యరాజ్యసమితి పద్ధతులు కొత్త. ఆఖరి రాత్రి పాతిక పైచిలుకు దేశాలు కూర్చుని రాసిన ఒప్పందం తెచ్చి, చదువుకోడానికి మిగతావాళ్ళకి గంట టైమిచ్చాడు. గంట! తువాలు, వెనెజులా, బొలీవియా, సూడాన్ లేచి నిలదీశాయి. 'ఆమోదించింది' అని రాయాల్సిన చోట సభ 'గమనించింది' అని రాసి లేచిపోయింది. రెండేళ్ళ చాకిరీ ఒక్క క్రియాపదంలో కొట్టుకుపోయింది.

మరుసటేడు కాన్‌కూన్‌లో మెక్సికో మంత్రి పాట్రీసియా ఎస్పినోసా దాచిన కాగితమేదీ లేదని ముందునుంచీ చెబుతూ వచ్చింది. ఆఖరి రోజున తన బాధ్యత మీద ముసాయిదా పెట్టింది. బొలీవియా ఒక్కటే కాదన్నా, ఏకాభిప్రాయమంటే ఒక దేశానికి వీటో కాదని సుత్తి కొట్టేసింది. హాలంతా చప్పట్లు. అది చూసి నువ్వు ఉబలాటపడకు. 2012 దోహాలో రష్యా అభ్యంతరాన్ని దాటి సుత్తి కొడితే, మరుసటి జూన్‌లో అదే బాన్‌లో రష్యా ఎజెండాకి అడ్డుపడింది. అమలు వ్యవహారాల సంఘం రెండు వారాలూ పనే మొదలుపెట్టలేకపోయింది.

ముసాయిదాలో ఇంకా ఒప్పందం కుదరని మాటల చుట్టూ బ్రాకెట్లు ఉంటాయి కదా, సాయంత్రం అవి లెక్కపెట్టుకో. తగ్గకపోయినా నువ్వు తీసెయ్యకు. తగువుపడ్డ ఇద్దరినీ కాఫీ దగ్గర కూర్చోబెట్టి, వాళ్ళు తెచ్చిన వాక్యమే ఎక్కించు. అర్ధరాత్రి వచ్చే కాపీని నువ్వూ నీ పక్క కుర్చీ మనిషీ పైకి చదవండి. 2015 పారిస్ ఒప్పందం 4.4 అధికరణంలో 'షుడ్' (చేస్తే మంచిది) ఉండాల్సిన చోట 'షల్' (చేసి తీరాలి) పడిందని అమెరికా అడ్డం తిరిగింది. చివరికి అచ్చుతప్పుల చిట్టాలో కలిపి దిద్దారు.

మాడుగుల హల్వా రెండు కిలోలు పంపిస్తున్నాను. ముసాయిదా టైపు చేసే సెక్రటేరియట్ పిల్లలకి ముందు పెట్టు. స్వెట్టర్ మర్చిపోకు.

నీ పెదనాన్న