మామయ్య అడిగిన గ్లాసు నీళ్లు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక పల్లె. నా వయసు 34 ఏళ్లు. మా ఆయన చెన్నైలో తాపీపని చేస్తారు. అత్తయ్య లేరు. మామయ్యకు రెండు కిడ్నీలూ పాడై, ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ జరుగుతోంది. తీసుకెళ్లేదీ తీసుకొచ్చేదీ నేనే. రోజుకు లీటరుకు మించి నీళ్లు ఇవ్వవద్దని డాక్టరుగారు చెప్పారు. మామయ్య దాహమని బతిమాలతారు, కాదంటే తిడతారు. మొన్న శుక్రవారం రాత్రి ఎవరూ చూడకుండా చెంబెడు నీళ్లు తాగేశారు. తెల్లవారకముందే ఊపిరి అందక అల్లాడుతుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆయనను ఏనాడూ ఏకవచనంతో పిలవని నేను ఆ ఆటోలో "చావాలనుంటే ఒకేసారి చచ్చిపో, మమ్మల్ని చంపకు" అని అరిచాను. మరునాడు ఆదివారం, సండే స్కూలు పిల్లలచేత బైబిలులోని ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం కంఠతా పట్టించాను. ఇంటికి వచ్చాక పదేళ్ల నా కూతురు "అమ్మా, గుడిలో మాట్లాడినట్టు తాతతో మాట్లాడలేవా?" అని అడిగింది. నాలుగు గంటలకే లేచి ప్రార్థిస్తున్నాను, రోజుకు నాలుగు అధ్యాయాలు చదువుతున్నాను, ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటున్నాను. అయినా క్రీస్తు మనస్సు నాకు రావడం లేదు. నలభై రోజుల ఉపవాసం పట్టమంటారా? పాపకు ఏమని జవాబు చెప్పను?

సమాధానం: చెల్లెమ్మా, నలభై రోజుల ఉపవాసం ఇప్పుడు వద్దు. మామయ్య చెంబెడు నీళ్లు తాగింది శుక్రవారం రాత్రి అని రాశారు. శుక్రవారం మీ ఉపవాస దినమని కూడా మీరే రాశారు. ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారా? నాలుగింటికి లేచి, పగలంతా ఏమీ తినకుండా ఇంటి పని చేసి, నిద్ర లేకుండా ఆటో ఎక్కిన మనిషి నోట వచ్చిన మాట అది. మాట తప్పు, అందులో సందేహం లేదు. కాని ఆ తప్పు ప్రార్థన తక్కువై జరిగిందని మీరు అనుకుంటున్నారు. శరీరంలో ఓపిక అయిపోయి జరిగిందని నేను అనుకుంటున్నాను. తన రక్తసంబంధికి ముఖం తప్పించకపోవడం కూడా తనకు ఇష్టమైన ఉపవాసమేనని దేవుడు యెషయా 58వ అధ్యాయంలో చెప్పాడు. ఆ ఉపవాసం మీరు ఏడాదిన్నరగా చేస్తూనే ఉన్నారు. కాబట్టి శుక్రవారాలు వేళకు తినండి, కనీసం ఆరు గంటలు నిద్రపోండి.

మీరు పిల్లలకు నేర్పిన అధ్యాయాన్నే మరొకసారి చూద్దాం. "క్రీస్తు యేసునకు కలిగిన యీ మనస్సు మీరును కలిగియుండుడి" అని అపొస్తలుడైన పౌలు రాసింది చెరసాలలో ఉండగా. ఆ అధ్యాయం చివర ఎపఫ్రొదితు అనే సహోదరుని గురించి ఉంది. అతడు రోగియై చావునకు సిద్ధమైయుండెనని 27వ వచనం చెబుతుంది. అతడు కోలుకోకపోతే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలు దాచుకోకుండా రాశాడు. క్రీస్తు మనస్సును గురించిన మాటలు, చావు అంచు దాకా వెళ్లిన రోగి కోసం తల్లడిల్లిన మనిషి చేతి నుంచే వచ్చాయి. అందుచేత ఆ వచనం మందిరంలో ఒక అర్థాన్నీ, మామయ్య మంచం దగ్గర మరో అర్థాన్నీ ఇస్తుందని అనుకోవద్దు.

ఇక నీళ్ల విషయం. మీ కష్టమంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. "దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి" అన్న ప్రభువు మాట చిన్నప్పటి నుంచి విన్న మీరు, దాహమన్న మనిషికి నీళ్లు ఇవ్వకుండా ఉండడమే ప్రేమ అయిన ఇంట్లో బతుకుతున్నారు. ఇది మామూలు పరీక్ష కాదు. మా నాన్నగారిని పడకమీద చూసుకున్న పద్నాలుగు నెలలలో నేను కూడా ఇలాంటి "వద్దు"లు రోజుకు ఎన్నో చెప్పాను. ఆ మాట చెప్పిన ప్రతిసారీ చెప్పేవారి గుండె కొంచెం గట్టిపడుతుందని, తెలియకుండానే గొంతు కరుకెక్కుతుందని నాకు తెలుసు. మీ పక్షాన న్యాయం ఉంది, డాక్టరుగారి మాట ఉంది, శనివారం నాటి ఆయాసం సాక్ష్యంగా ఉంది. అయితే దేవునితో సమానముగా ఉండుట విడిచిపెట్టకూడని భాగ్యమని క్రీస్తు ఎంచుకొనలేదని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెనని ఆ అధ్యాయం చెబుతోంది కదా. మీరు రిక్తం చేసుకోవలసింది నీళ్ల నియమాన్ని కాదు, అది ఉండవలసిందే. "నేను చెప్పిందే సరి" అన్న ఆ న్యాయాన్ని కర్రలాగా పట్టుకుని మంచం దగ్గరకు వెళ్లడాన్ని మాత్రం వదులుకోవాలి. సిలువమీద "నేను దప్పిగొనుచున్నాను" అన్న ప్రభువుకు మామయ్య నాలుక ఎలా పిడచకట్టుకుపోతుందో తెలుసు. ఆ సంగతి తలచుకుని చెప్పే "వద్దు మామయ్యా" వేరుగా వినిపిస్తుంది.

అందుకోసం మీ సాధనను తెల్లవారుజాము ప్రార్థన గదిలో నుంచి నీళ్ల గ్లాసు దగ్గరకు తీసుకురండి. రోజూ ఉదయం ఒక సీసాలో డాక్టరుగారు చెప్పిన కొలత వరకే నీళ్లు నింపి, గీత గీసి, మామయ్య చేతికే ఇవ్వండి. మందులకు, టీకి అయ్యే నీళ్లు కూడా ఆ లెక్కలోనివే గనుక వాటిని ముందే తీసివేయండి. చిన్న గ్లాసుతో ఎప్పుడు ఎంత తాగాలో ఆయనే నిర్ణయించుకోనివ్వండి. అడుక్కోవలసి రావడమే ఆయనకు దాహం కంటే పెద్ద బాధ కావచ్చు. నోరు పుక్కిలించి ఉమ్మడానికి విడిగా నీళ్లు పెట్టండి. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది. ఎండుచేపలు, ఆవకాయ ఇంట్లో ఉంటే ఆయన కంచం దాకా రానివ్వకండి. చుట్టుపక్కలవారు ప్రేమతో తెచ్చే కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ రోగి గుండెకు అది ప్రమాదం. కొబ్బరితోటల మధ్య ఉండే మన ఉద్దానంలో ఈ మాట చెప్పినవారిని పిసినారులంటారు, అయినా చెప్పాలి. తక్కిన సందేహాలు ఆసుపత్రిలో డయాలసిస్ చేసే సిబ్బందినే అడగండి. ఎక్కువ నీళ్లు అడిగిన ప్రతిసారీ, జవాబు చెప్పకముందే, "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అన్న 141వ కీర్తనలోని మాట ఒక్క ఊపిరిలో అనుకోండి. అంత సేపు చాలు, రాబోయే మాట మారుతుంది. ఒక్కోసారి మారదు, అప్పుడు మళ్లీ మొదలుపెట్టండి.

నాలుగు అధ్యాయాలు చదవడం ఆపి, ఒక నెలపాటు ఫిలిప్పీ 2వ అధ్యాయంలో మొదటి పదకొండు వచనాలే చదవండి. రోజూ అవే. పది నిమిషాలు చాలు. సాయంత్రం మరో రెండు నిమిషాలు, ఆ రోజు ఏ మాటతో ఎవరిని నొప్పించానో, ఎక్కడ ఓర్చుకోగలిగానో ప్రభువు ముందు చెప్పుకోండి. నొప్పించినవారు ఇంట్లోనే ఉంటే, సూర్యుడు అస్తమించే లోపే వారి దగ్గరకు వెళ్లండి.

మామయ్య దగ్గరకైతే ఈ రోజే వెళ్లాలి. సంజాయిషీలు చెప్పకండి, నీళ్ల సంగతి ఎత్తకండి. మంచం పక్కన కింద కూర్చుని, "ఆ రోజు ఆటోలో నేనన్న మాట తప్పు మామయ్యా, క్షమించండి" అనండి. ఆయన ఏమీ అనకపోవచ్చు, తిరిగి తిట్టవచ్చు కూడా. ఆయన ఏమన్నా మీ మాట మీరు చెప్పండి. మీ ఇద్దరి కష్టమూ ఒక చోటిదేనని నేను అనుకుంటాను: కారణం ఈనాటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఈ ప్రాంతపు ఇళ్లలో దశాబ్దాలుగా తిరుగుతోంది. అది మీ పాపమో ఆయన పాపమో అని ఎవరైనా అంటే, యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాని విషయమై, వాడూ వాని కన్నవారూ పాపం చేయలేదని ప్రభువు చెప్పిన జవాబు చూపించి అక్కడితో వదిలేయండి.

ఒక్క విషయంలో మీ మీద నాకు కొంచెం కోపం ఉంది. "తీసుకెళ్లేదీ తీసుకొచ్చేదీ నేనే" అని రాశారు. "తన సొంతకార్యములను మాత్రమే గాక యితరుల కార్యములను కూడ చూడవలెను" అని 4వ వచనం అంటోంది. "మాత్రమే గాక" అన్నాడంటే సొంత అక్కర ఉండకూడదని కాదు గదా. తాను పట్టబడిన రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే "నాతో కూడ మెలకువగా ఉండుడి" అని శిష్యులను అడిగాడు. మీరు అడిగారా? వారంలో మూడు డయాలసిస్ రోజులలో ఒక్క రోజు మరొకరు వెళ్లాలి. మీ ఆయన నెలకొకసారైనా నాలుగు రోజులు వచ్చి ఆ పని నేర్చుకోవాలి. ఆడపడుచు ఉంటే ఆవిడకూ చెప్పండి. స్త్రీల సమాజంలోనూ, పాస్టరుగారి ముందూ విషయం విప్పి చెప్పి, ఎవరు ఏ రోజు వస్తారో అక్కడే నిర్ణయించమనండి. నిద్ర పట్టకపోవడం, ఉదయం లేస్తూనే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే, పలాసలోనే మీరు కూడా డాక్టరుకు చూపించుకోండి.

పాపకు "ఔనమ్మా, నువ్వు అడిగింది నిజమే. నేను నేర్చుకుంటున్నాను" అని చెప్పండి. క్షమాపణ అడగడానికి తాత దగ్గరకు వెళ్లినప్పుడు అది పక్కన ఉంటే ఉండనివ్వండి, బయటికి పంపకండి. రేపటి నుంచి ఉదయం సీసా నింపే పని దానికే అప్పగించండి. గీత దగ్గర ఎలా ఆపాలో ఒక్కసారి చూపిస్తే చాలు, తాతకు అదే తీసుకెళ్లి ఇస్తుంది.