వరిపై జింక్ పిచికారీ: పైరు కోసమా, గింజ కోసమా?

ఇంటి తిండికి పండించే వరిపై జింక్ సల్ఫేట్ పిచికారీ చేస్తే బియ్యంలో జింక్ పెరుగుతుందా అని మీరు అడిగారు. పెరుగుతుంది, కానీ మనకు అలవాటైన సమయంలో చేస్తే పెద్దగా పెరగదు.

నాటిన కొన్ని వారాలకు జింక్ లోపంతో ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపించినప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున మనం చేసే పిచికారీ పైరు కోలుకోవడానికి ఉద్దేశించినది. ఆ జింక్‌లో ఎక్కువ భాగం కొత్త ఆకులకూ పిలకలకూ ఖర్చయిపోతుంది. గింజలోకి చేరాలంటే పూత ముగిసి పాలు పోసుకునే దశలో చల్లాలి. అప్పుడు ఆకుల్లో తయారైన పిండిపదార్థం కంకికి తరలిపోతూ ఉంటుంది కాబట్టి, ఆకు పీల్చుకున్న జింక్‌లో కొంత ఆ దారినే గింజకు చేరుతుంది.

మూడు ఖరీఫ్‌లుగా అరెకరం సాంబ మసూరికి ఇలాగే చేస్తున్నాను. వంద లీటర్ల నీటికి 21 శాతం జింక్ ఉండే జింక్ సల్ఫేట్ అర కిలో, పావు కిలో సున్నం నానబెట్టి వడకట్టిన తేట కలిపి, పాలు పోసుకునేటప్పుడు ఒకసారి, వారం తర్వాత మరోసారి, సాయంత్రం పూట చల్లుతాను. మొదటి ఏడాది సున్నం ఎందుకులే అనుకుని మిట్టమధ్యాహ్నం చల్లడంతో పోటాకుల (కంకి కింద ఉండే చివరి ఆకుల) కొనలు మాడిపోయాయి. అదే ఏడాది పని కలిసివస్తుందని భాస్వరం ఉన్న నీటి ఎరువును కూడా అదే ట్యాంకులో పోశాను. అడుగున తెల్లని మడ్డి పేరుకుని, నాజిల్ విప్పి కడగడానికే ఒక పూట పట్టింది.

నేలలో జింక్ లోపం లేకపోతే దీనివల్ల దిగుబడి పెరగదు, మిల్లులో ధర కూడా పెరగదు, అందుకే అమ్మే పొలానికి నేను చల్లను. ఇనుము కోసం అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చల్లమని కొందరు చెబుతారు గానీ, తెల్ల బియ్యం తినేవారికి అది దండగ అని నా అభిప్రాయం, ఎందుకంటే గింజలోని ఇనుము ఎక్కువగా పైపొరలోనే ఉండి పాలిష్‌తో తవుడులోకి పోతుంది. జింక్ గింజ లోపలి వరకూ ఉంటుంది కాబట్టి అంతగా పోదు. అయినా మేము ఒంటిపట్టు (ఒక్కసారే, తక్కువగా పాలిష్ చేసిన) బియ్యమే ఆడిస్తున్నాము.

ఏటా పిచికారీ శ్రమ వద్దనుకుంటే, రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ 2016లో విడుదల చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 45 వంటి, గింజలోనే జింక్ ఎక్కువగా ఉండే రకాన్ని ఇంటి మడిలో వేసి చూడండి.