సిరొంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) పిల్లలు నీట్ మళ్లీ రాస్తూ కౌన్సెలింగ్‌కు ఎప్పుడు అర్జీ పెట్టాలి, ఎక్కడ ఆగాలి?

అన్నా, మీరడిగింది రెండు ముక్కలు. పెద్దబిడ్డ టెన్త్ సిరొంచలో, ట్వెల్త్ అహేరిలో చదివింది. ఓబీసీ. మొదటిసారి నీట్‌లో 445 వచ్చాయి, మళ్లీ రాస్తానంటోంది. ఈ ర్యాంకుతో కౌన్సెలింగుకు ఇప్పుడే పెట్టాలా, వచ్చే ఏడాదికి ఆగాలా, మధ్యలో బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) వస్తే చేరాలా అన్నది ఒకటి. చిన్నోడు టెన్త్‌లో ఉన్నాడు, ప్రాణహిత నది దాటించి తెలంగాణలోని మంచిర్యాలలో ఇంటర్ వేద్దామా అన్నది రెండోది. రెండోదే ముందు చెప్తాను. అక్కడ జరిగిన పొరపాటును తర్వాత ఎన్ని మార్కులు తెచ్చినా దిద్దలేం.

మహారాష్ట్ర కోటా, అంటే ప్రభుత్వ కాలేజీల్లో 85 శాతం సీట్లు, దక్కాలంటే డొమిసైల్, అంటే రాష్ట్ర నివాస సర్టిఫికెట్, ఒక్కటే చాలదు. టెన్త్, ట్వెల్త్ రెండూ మహారాష్ట్రలో ఉన్న స్కూలు, కాలేజీ నుంచే పాసై ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి గానీ రైతు బిడ్డకు, దుకాణం నడిపేవాళ్ల బిడ్డకు అవి వర్తించవు. అటు తెలంగాణలో 2024 జులైలో వచ్చిన 33వ నంబరు జీవో ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా, అక్కడే చదివి ఉంటేనే లోకల్. ఆ నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది.

ఇప్పుడు మీ చిన్నోడి లెక్క చూడండి. టెన్త్ సిరొంచలో, ఇంటర్ మంచిర్యాలలో అయితే మహారాష్ట్ర వాళ్లు ట్వెల్త్ ఇక్కడిది కాదంటారు, తెలంగాణ వాళ్లు రెండేళ్లే చదివాడంటారు. రెండు రాష్ట్రాల కోటా పోతుంది. మిగిలేవి ఆలిండియా కోటా 15 శాతం, నాగపూర్, బీబీనగర్ లాంటి ఎయిమ్స్‌లు, ఆపైన లక్షలు గుంజే డీమ్డ్ (యూనివర్సిటీ హోదా ఉన్న కాలేజీలు), ప్రైవేటు సీట్లు. గడ్చిరోలిలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, చంద్రపూర్‌లో 2015 నుంచే ఉంది. మన జిల్లాలో కాలేజీ ఉండి మన పిల్లవాడు దాని రాష్ట్ర కోటా సీటుకు అర్జీ పెట్టుకోలేకపోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

మంచిర్యాలలో తెలుగులో పాఠం చెప్తారు, హాస్టలు దగ్గర, నిజమే. అయినా పదకొండు, పన్నెండు మాత్రం ఇవతలే వేయండి: అహేరి, చంద్రపూర్, నాగపూర్, ఎక్కడైనా సరే. సెలవుల్లో కోచింగుకు అటు పంపుకోండి, దానికి అడ్డు లేదు. తొమ్మిది నుంచీ అక్కడే చదువుతున్న పిల్లలైతే ఇది తలకిందులు. వాళ్లను ట్వెల్త్ కోసం ఇటు తేకండి.

ఇక పెద్దబిడ్డ సంగతి. ఆమె టెన్త్, ట్వెల్త్ రెండూ ఇక్కడివే కాబట్టి ఆ చిక్కు లేదు. 445తో సీటు వస్తుందా రాదా అని మార్కులు పట్టుకుని వెతకొద్దు. 2024లో జనరల్ వాళ్ల అర్హత మార్కు 162, 2025లో 144. 2024లో 650 దాటినవాళ్లు వేలల్లో ఉంటే, 2025లో పేపరు కఠినంగా వచ్చి 651, ఆపైన వచ్చినవాళ్లు 73 మందే. ఒక ఏడాది మార్కుతో ఇంకో ఏడాది సీటు కొలవడం కుదరదు. ఆలిండియా ర్యాంకు తీసుకోండి. రాష్ట్ర కౌన్సెలింగు నడిపే మహారాష్ట్ర సీఈటీ సెల్ రౌండు రౌండుకూ పెట్టే సెలక్షన్ లిస్టుల్లో నిరుటి చివరి రౌండు తెరిచి, ఓబీసీలో అమ్మాయిలకు ప్రభుత్వ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి. ప్రభుత్వ కాలేజీల్లో ఆడపిల్లలకు 30 శాతం ఉంది కాబట్టి ఆ వరస వేరుగా చూడాలి. మీ ర్యాంకు అక్కడికి కొంచెం అవతల ఉంటే అన్ని రౌండ్లూ వదలకుండా వెళ్లాల్సిందే. రెట్టింపు దూరంలో ఉంటే కౌన్సెలింగు మీద ఆశ తగ్గించి, జులై నుంచే పుస్తకం పట్టించండి. నా అంచనా ఇంతే, నియమం కాదు.

మళ్లీ రాస్తే పెరుగుతాయా అన్నది ఊహ మీద వదలొద్దు, కాగితం మీద తేలుతుంది. నీట్ పెట్టే ఎన్‌టీఏ వాళ్లు ఓఎంఆర్ (జవాబు పత్రం) స్కాన్, ఆన్సర్ కీ కొద్దిరోజులే పెడతారు, అప్పుడే దించుకుని ఉంచుకోండి. 180 ప్రశ్నలూ గుర్తించి 445 వచ్చిందంటే 125 ఒప్పు, 55 తప్పు అన్నమాట: 500లోంచి 55 పోయింది. ఆ 55ను బిడ్డనే కూర్చోబెట్టి మూడు కుప్పలు చేయించండి. పాఠమే రానివి ఒకటి, వచ్చి కూడా పొరబడ్డవి రెండు, టైము లేక గుడ్డిగా గుర్తించినవి మూడు.

చాలామంది మూడో కుప్పను చూసి భయపడతారు. నిజానికి గుడ్డిగా నాలుగు గుర్తిస్తే సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి. పెద్ద నష్టమూ లేదు, లాభమూ లేదు. ప్రాణం రెండో కుప్పలో ఉంటుంది. ఒక తప్పు ఒప్పయితే 5 మార్కులు కలుస్తాయి: పోయిన 1 తిరిగొస్తుంది, రావాల్సిన 4 వస్తాయి. ఆ కుప్పలో 20 ఉంటే కొత్త పేజీ చదవకుండానే 100 మార్కులు అక్కడ పడి ఉన్నట్టు. అలాంటి బిడ్డకు ఇంకో ఏడాది ఇవ్వడం న్యాయం. మొదటి కుప్పే పెద్దదై, అందులో ఎక్కువ ఫిజిక్స్ అయితే ఇంట్లో కూర్చుని చదివితే తేలదు, క్లాసు కావాల్సిందే. రెండో కుప్ప చిన్నదీ మొదటిది చాలా పెద్దదీ అయితే మాత్రం ఇంకో ఏడాది ఆలోచించి ఇవ్వండి.

ఇంకోటి. 2021 నుంచి 2024 దాకా 200 ప్రశ్నల్లో 180 రాస్తే చాలు, 2022 నుంచి 200 నిమిషాలు ఇచ్చేవాళ్లు. 2025 నుంచి 180 ప్రశ్నలే, 180 నిమిషాలు, ఏవి రాయాలో ఎంచుకునే ఛాయిస్ లేదు. పాత మాక్ పేపర్ల మీద చేసిన సాధన ఈ వేగానికి సరిపోదు. నిమిషానికి ఒకటి, అందులోనే బబుల్ నింపడం కూడా.

కౌన్సెలింగుకు ఇప్పుడే పెట్టాలా అంటే, పెట్టండి. రాదని తెలిసినా పెట్టండి. నీట్ మార్కు ఆ ఏడాదికే చెల్లుతుంది, వచ్చే ఏడాదికి దాచుకునేది కాదు. పైగా ఒకసారి అర్జీ పెడితేనే ఏ దాఖలా కొరవడిందో బయటపడుతుంది. ఆలిండియా కోటాకు కేంద్రం తరఫున కౌన్సెలింగు నడిపే ఎంసీసీ దగ్గర ఓబీసీ వాళ్లకు 500 ఫీజు, 5,000 డిపాజిట్. జనరల్‌కు 1,000, 10,000. డీమ్డ్ కాలేజీలకు 5,000 ఫీజు, 2 లక్షల డిపాజిట్ పెట్టాలి, కాబట్టి అవసరం లేకపోతే ఆ గడి ముట్టుకోకండి. మొదటి రౌండులో సీటొచ్చి చేరకపోయినా ఏమీ పోదు. రెండో రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో చేరితే ఇక వదులుకోలేరు. స్ట్రే రౌండులో, అంటే మిగిలిన సీట్లకు పెట్టే చివరి రౌండులో, సీటొచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు మరుసటి ఏడాది నీట్ రాసే అవకాశమే పోతుంది. మళ్లీ రాయాలనుకునే బిడ్డకు ఇంతకు మించిన దెబ్బ లేదు. అందుకే చేరడానికి ఒప్పుకోని కాలేజీని ఆ రౌండులో ఆప్షన్‌గా పెట్టనే కూడదు. రాష్ట్ర కౌన్సెలింగు నియమాలు వేరు, ఆ ఏడాది బ్రోచర్‌లో సీటు వదిలే గడువు, వదిలితే కట్టాల్సింది చదివాకే సంతకం పెట్టండి.

మన దగ్గర సీట్లు ఎక్కువగా పోయేది దాఖలాల దగ్గరే. మహారాష్ట్రలో ఓబీసీ అని కుల సర్టిఫికెట్ చూపితే సరిపోదు, కాస్ట్ వ్యాలిడిటీ, అంటే ఆ కులం నిజమేనని కమిటీ పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్, కావాలి. అది లేకపోతే ఓపెన్‌లో లెక్కేస్తారు. దానికి 1967 అక్టోబరు 13కు ముందు మీ వంశంలో ఎవరిదైనా కులం రాసి ఉన్న రికార్డు అడుగుతారు. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, వీజేఎన్‌టీలకు (విముక్త, సంచార జాతులకు) 1961 నవంబరు 21. తాత చదివిన బడి రిజిస్టరులో ఎంట్రీ అన్నిటికంటే గట్టి సాక్ష్యం. మన చిక్కు ఏమిటంటే, తాత గోదావరి అవతల పుట్టి, చదివి ఉంటే ఆ కాగితం ఇక్కడి కమిటీ ముందు నిలవడం కష్టం. తెలుగులో రాసిన కులం పేరు మరాఠీలో ఇంకోలా పడినా ప్రశ్న వేస్తారు. స్పెల్లింగు తేడాలకు అఫిడవిట్ ముందే చేయించుకోండి. నెలలు పట్టే పని ఇది. పైగా విచారణకు పిలిస్తే గడ్చిరోలికి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు పోయిరావాలి. బిడ్డది ఇంకా రాలేదన్నారు కదా, రీటేక్ ఏడాదిలో మొదటి పని అదే కావాలి. కొన్నేళ్లు ప్రభుత్వం గడువు పొడిగించిన మాట నిజమే, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న వర్గం కాదనే సర్టిఫికెట్) రెండు రకాలు తీయాలి. రాష్ట్రానికి అడ్మిషన్ ఏడాది తర్వాతి మార్చి 31 దాకా చెల్లేది ఒకటి. ఆలిండియాకు కేంద్రం నమూనాలో ఇంకొకటి, అదీ మీ కులం కేంద్ర జాబితాలో ఉంటేనే. నీట్ ఫారంలో ఓబీసీ అని పెట్టేముందు ఆ జాబితా చూడండి. డొమిసైల్, ఆదాయం దాఖలాలకు అర్జీ సేతు కేంద్రంలో (సర్టిఫికెట్లకు ప్రభుత్వం నడిపే సేవా కేంద్రంలో) మే నెలలోనే ఇవ్వండి. ఫలితాలు వచ్చాక అందరూ ఒకేసారి పడతారు, వానలకు ఆలాపల్లి దారి తెగితే కదలలేం కూడా. రౌండులో సీటొచ్చాక కాలేజీలో చేరేందుకు ఇచ్చేది కొద్దిరోజులే కాబట్టి ఒరిజినల్స్ అన్నీ ఒక సంచిలో పెట్టుకుని చంద్రపూర్‌లోనో నాగపూర్‌లోనో చుట్టాలింట్లో ఉండడం మేలు.

ప్రైవేటు కాలేజీ అనగానే భయపడి ఆప్షన్ కొట్టేయకండి. 2024 జులైలో మహారాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్లు), ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడినవాళ్లు) ఆడపిల్లలకు వృత్తి కోర్సుల ట్యూషన్, పరీక్ష ఫీజు మొత్తం మాఫీ చేసింది. రాష్ట్ర కౌన్సెలింగు ద్వారా వచ్చిన సీటుకే ఇది, మేనేజ్‌మెంట్ కోటాకు కాదు. డెవలప్‌మెంట్ ఫీజు, హాస్టలు మీరే పెట్టుకోవాలి. అంటే ప్రభుత్వ సీటు దగ్గర ఆగిపోయిన ర్యాంకుకు ప్రైవేటు ఎంబీబీఎస్ తగిలితే, మీ బిడ్డ విషయంలో ఇంకో ఏడాది రీటేక్ కంటే అదే మేలని నా గట్టి అభిప్రాయం.

బీఏఎంఎస్ వస్తే? ఆయుర్వేదమే చదవాలని ఉంటే సంతోషంగా చేరమనండి. ఎంబీబీఎస్ కోసం మళ్లీ రాస్తూ పక్కన ఉంచుకోవడానికైతే వద్దు. హాజరు, ఇంటర్నల్స్, అనాటమీ, సంస్కృతం మధ్య రోజుకు రెండు గంటలు మిగలడం కష్టం. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఇరుక్కుంటాయి, వచ్చే కౌన్సెలింగు నాటికి అవి చేతిలో ఉండాలి. ఖాళీగా ఉందన్న మాట రాకూడదనుకుంటే గోండ్వానా యూనివర్సిటీ కింద దగ్గర్లోని కాలేజీలో బీఎస్సీ చేర్పించండి. అక్కడా ఎల్‌సీ (బడి వదిలిన సర్టిఫికెట్) ఒరిజినల్ తీసుకుంటారు. ఇచ్చేముందు రంగు జిరాక్సులు, అటెస్టెడ్ కాపీలు పెట్టుకోండి, మేలోనే తిరిగి అడగండి. ఏదీ చేరకపోతే మధ్యలో ఏడాది ఎందుకు చదవలేదో చెప్పే గ్యాప్ అఫిడవిట్ ఒకటి చేయించి ఉంచండి, కాలేజీలు అడుగుతాయి.

నీట్ ఫారం ఇటీవల ఫిబ్రవరిలో వస్తోంది, 2025లో ఓబీసీకి ఫీజు 1,600. పరీక్ష ఇటీవలి ఏళ్లలో మే మొదటి ఆదివారం పడింది. పేపరు భాష దగ్గర జాగ్రత్త: తెలుగు పెడితే సెంటరు తెలంగాణ, ఆంధ్రలోనే ఇస్తారు, మరాఠీ పెడితే మహారాష్ట్రలోనే. బిడ్డ ట్వెల్త్ ఏ మీడియంలో చదివిందో ఆ భాషే పెట్టండి, ఇంట్లో మాట్లాడేది తెలుగు కదా అని మార్చకండి. ఫిజిక్స్ పదాలు బడిలో విన్న భాషలోనే తలకెక్కుతాయి.